పాత ఫ్రెంచి సైకిల్‌ను ఫిక్స్‌డ్ గేర్‌గా మార్చే ముందు థ్రెడ్డు కొలవండి

పాత సామాన్ల సంతలో కొన్న 1970ల నాటి పది గేర్ల ప్యూజో రోడ్డు సైకిల్‌ను ఫిక్స్‌డ్ గేర్‌గా, అంటే చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు కూడా తిరిగే ఒకే గేరు సైకిల్‌గా, మార్చవచ్చునా, మారిస్తే ఇప్పుడు దొరికే విడిభాగాలు దానికి సరిపడతాయా అని మీరు అడిగారు. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో చదువుకునే రోజుల్లో నేను అలాంటి ప్యూజోనే మార్చుకుని మూడేళ్లు తొక్కాను. మార్చవచ్చు, కానీ విడిభాగాలను మాత్రం కొలవకుండా కొనకండి.

మీ ఫ్రేముపై రేనాల్డ్స్ 531 (మేలురకం ఉక్కు గొట్టాల పేరు) స్టిక్కరు ఉండి, అది పీఎక్స్-10 మోడల్ అయితే, దయచేసి దాని జోలికి పోకండి. అది ఆ కంపెనీ పోటీల కోసం చేసిన సైకిల్, అసలు భాగాలతోనే బాగుచేయించుకోవడం న్యాయం. మామూలు ఉక్కు ఫ్రేము అయితే సంకోచం అక్కర లేదు, ఎందుకంటే వాటికి వచ్చే సింప్లెక్స్ కంపెనీ ప్లాస్టిక్ డీరైల్లూర్లు (చైనును ఒక గేరు నుంచి మరో గేరుకు జరిపేవి) ఈపాటికి పగుళ్లు తీసి ఉంటాయి. ఆ డీరైల్లూర్‌ను పట్టుకునే కొక్కెం కూడా అలాంటి ఫ్రేములకు సాధారణంగా విడిగా బోల్టుతో బిగించినదే కనుక, రంపం పెట్టవలసిన పని లేదు. విప్పినవన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో దాచిపెట్టండి.

అసలు చిక్కంతా బాటమ్ బ్రాకెట్ దగ్గర, అంటే పెడళ్ల ఇరుసు తిరిగే చోట, ఉంటుంది. ఇంగ్లీషు పద్ధతిలో దాని బేరింగులను పట్టి ఉంచే కప్పు థ్రెడ్డు (మర) వ్యాసం 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. పాత ఫ్రెంచి పద్ధతిలో 35 మిల్లీమీటర్లు, చుట్టుకు చుట్టుకు మధ్య 1 మిల్లీమీటరు. చూపుకు రెండూ ఒకటిగానే కనబడతాయి, కానీ ఒకదానిలో మరొకటి బలవంతంగా ఎక్కిస్తే ఫ్రేము పాడవుతుంది. అంతకంటే ముఖ్యమైనది తిరిగే దిశ: ఇంగ్లీషు సైకిల్‌కు చైను వైపు కప్పు ఎడమ థ్రెడ్డు (మామూలుకు వ్యతిరేక దిశలో తిప్పితే బిగిసేది), ఫ్రెంచి సైకిల్‌కు రెండు వైపులా కుడి థ్రెడ్డే. ఈ సంగతి తెలియక నేను ఒక శనివారం మధ్యాహ్నమంతా పానాకు ఇనుప గొట్టం తొడిగి, కప్పును విప్పుతున్నాననుకుంటూ ఇంకా బిగించాను. చివరికి మా వీధి చివర ఎవరి సైకిల్ వారే బాగుచేసుకునే షెడ్డులో ఒక పెద్దాయన, కప్పు అంచులను బెంచి వైస్‌లో బిగించి, ఫ్రేమునే రెండు చేతులతో పట్టుకుని తిరగలి తిప్పినట్టు తిప్పారు. కిర్రుమని ఒక్క చప్పుడు చేసి వదిలింది. కప్పు ముఖం మీద మడ్డి తుడిస్తే 35×1 అని చెక్కి ఉంది. నేను ముందే తుడిచి ఉంటే సరిపోయేది. మోటోబెకాన్ అనే మరో ఫ్రెంచి కంపెనీ సైకిళ్లలో కొన్నింటికి కొలత ఇదే అయినా చైను వైపు ఎడమ థ్రెడ్డు ఉంటుంది, దానిని స్విస్ పద్ధతి అంటారు.

క్రాంకులు (పెడళ్లను ఇరుసుకు కలిపే కడ్డీలు) కాటర్ పిన్నుతో, అంటే అడ్డంగా కొట్టిన ఇనుప చీలతో, బిగించి ఉంటే, మన ఊళ్లలో హీరో, అట్లాస్ సైకిళ్లు చూసిన వారికి కొత్తేమీ కాదు. ఆ పిన్నును సుత్తితో కొట్టేటప్పుడు క్రాంకు కింద ఒక గొట్టం ముక్కను నేల మీద నిలబెట్టి ఆసరా ఇవ్వండి, లేకపోతే దెబ్బంతా బేరింగుల మీద పడుతుంది.

వెనుక చక్రం విషయంలో అదృష్టం మీ వైపే ఉంది. వెనుక పళ్ళ చక్రాలు అయిదు ఉండే కాలపు ఫ్రేములో వెనుక చక్రం కూర్చునే ఖాళీ సాధారణంగా 120 మిల్లీమీటర్లు, ఫిక్స్‌డ్ హబ్బులదీ (హబ్బు అంటే చక్రం నడిమి భాగం) అదే కొలత. ఇరుసు గాడి అడ్డంగా ఉంటుంది కనుక చక్రాన్ని వెనక్కి లాగి చైను బిగువు సరిచేసుకోవచ్చు. పాత హబ్బు మీదనే ఫ్రీవీల్ (తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే పళ్ళ చక్రాల గుత్తి) తీసి స్ప్రాకెట్ (ఒంటి పళ్ళ చక్రం) ఎక్కిద్దామని మాత్రం చూడకండి. ఫిక్స్‌డ్ హబ్బులో స్ప్రాకెట్ కుడి థ్రెడ్డుతో, దానిని కదలకుండా పట్టే లాక్‌రింగ్ ఎడమ థ్రెడ్డుతో ఉంటాయి. మీరు పెడల్‌ను వెనక్కి నొక్కి వేగం తగ్గించేటప్పుడు స్ప్రాకెట్ విడిపోబోతే లాక్‌రింగ్ మరింత బిగుస్తుంది. పాత హబ్బుకు ఆ ఎడమ థ్రెడ్డే లేదు.

మిగతావి చిన్నవి. హ్యాండిల్‌ను ఫ్రేములో నిలిపే స్టెమ్ మందం పాత ఫ్రెంచి సైకిల్‌కు 22.0 మిల్లీమీటర్లు, నేటిది 22.2, నేను కొత్తదానిని ఎమరీ పేపరుతో అరగదీసి దించాను. పెడల్ థ్రెడ్డు 14 మిల్లీమీటర్లు, నేటిది 9/16 అంగుళాలు. తేడా తక్కువే కనుక ట్యాప్ అనే మర కోసే పనిముట్టుతో క్రాంకుకు కొత్త థ్రెడ్డు తీయించవచ్చు.

బ్రేకులు తీసేస్తే సైకిల్ అందంగా ఉంటుందని చాలామంది చెబుతారు, నేను ఒప్పుకోను. ఫ్రాన్స్ రోడ్డు నియమాల ప్రకారం సైకిల్‌కు రెండు బ్రేకులు ఉండి తీరాలి. నేను పాత మాఫాక్ కంపెనీ బ్రేకులు రెండూ ఉంచుకున్నాను. పట్టునేతగాళ్ల పేటగా పేరున్న లియోన్‌లోని క్రువా-రూస్ కొండ దిగేటప్పుడు, కాళ్లు ఆపుదామన్నా పెడళ్లు ఆగని ఆ సైకిల్ మీద, ముందు బ్రేకే నన్ను కాపాడింది.

గేరుకు 42 పళ్ళ చైన్‌వీల్, 17 పళ్ళ స్ప్రాకెట్ వేసుకున్నాను. పెడల్ ఒకసారి పూర్తిగా తిరిగితే సైకిల్ సుమారు 5.2 మీటర్లు వెళ్తుంది, ఎత్తులు ఉన్న ఊరికి అది చాలు. మొదటిసారి ఎత్తు ఎక్కినప్పుడు స్ప్రాకెట్ ఇంకాస్త లోపలికి బిగుసుకుని లాక్‌రింగ్ వదులవుతుంది కనుక, ఇంటికి రాగానే దానిని మళ్లీ బిగించండి.