బిడ్డ చెప్పే నౌకరీ నిజంగ ఉన్నదా?

దేవరకొండ నుంచి ఒక అన్న అడిగిండు. వాళ్ల బిడ్డ నల్గొండ ఎంజీ యూనివర్సిటీల ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నది, ఆయుధాలు చేసుడు తెలిసిన సైంటిస్టులు శత్రుదేశాల పాలు కాకుండ ఆపే పని చేస్త అంటున్నదట, గసొంటి నౌకరీ ఉంటదా, లేకుంటే బీఎడ్‌ల చేర్పియ్యాల్నా అని.

ఉన్నదన్నా. కాకపోతే మీరనుకున్నట్టు పోలీసోళ్ల పని కాదు, చానా మటుకు జీతాల పని. 1991ల సోవియట్ యూనియన్ కూలినంక అక్కడి సైంటిస్టులకు నెలల తరబడి జీతాలు పడలే, 1996ల స్నెజిన్స్క్ అనే ఊర్లె అణు ల్యాబ్ డైరెక్టరే తన ల్యాబోళ్లకు జీతాలియ్యలేక ప్రాణం తీసుకుండు, ఇంక కిందోళ్ల సంగతి చెప్పున్రి. అంతకు ముందే 1992ల మిసైల్ ఇంజనీర్లు పెండ్లాం పిల్లలతోని ఉత్తర కొరియాకు బయలెల్లితే మాస్కో ఎయిర్‌పోర్టుల ఆపిన్రు. మన దిక్కు గెస్ట్ లెక్చరర్లకు ఇది సమజైతది, నేను కూడ చేసిన కొన్నేండ్లు, ఆర్నెల్లు జీతం రాకుంటే కిరాణం షాపాయన ఏమనడు, ఖాతా బుక్కు తీసి మన ముంగట పెట్టి ఊకుంటడు, గప్పుడు ఎవడన్న ఫోన్ చేసి పైసలిస్త రమ్మంటే ఏం పని అని అడగబుద్ధి కాదు.

అందుకనే అమెరికా, యూరప్, జపాన్, రష్యా కలిసి ఐఎస్‌టీసీ అని ఒక సెంటర్ పెట్టినయి, 1994ల మాస్కోల షురూ అయింది. బాంబు సైంటిస్టులకు మందుల మీద, పర్యావరణం మీద ప్రాజెక్టులిచ్చుడు, పైసలు మధ్యల ఆఫీసుకు గాకుండ నేరుగ వాళ్ల ఖాతాలెయ్యుడు. తర్వాత రష్యా తప్పుకున్నది, ఇప్పుడది కజకిస్తాన్ల ఆస్తానాల ఉన్నది.

బిడ్డకు దగ్గరి తొవ్వ మాత్రం కెమిస్ట్రీనే, అది ఇడిసిపెట్టి పాలిటిక్స్ చదువుత అంటే నేనొద్దంట. రసాయన ఆయుధాలు లేకుండ చూసే అంతర్జాతీయ సంస్థ ఓపీసీడబ్ల్యూ నెదర్లాండ్స్‌ల ది హేగ్‌ల ఉన్నది, 2013ల నోబెల్ శాంతి బహుమతి దానికే, ఇన్‌స్పెక్టర్లల్ల కెమిస్టులు ఉంటరు గని చానా ఏండ్ల అనుభవం అడుగుతరు. ఆ అనుభవం ఇక్కడ్నే మొదలువెట్టొచ్చు. మన దేశం నుంచి కొన్ని కెమికల్స్ బయటికి పంపాలంటే స్కోమెట్ లిస్టు (ఆయుధాలకు గూడ పనికొచ్చే సరుకుల లిస్టు) చూసుకొని, ఎగుమతి దిగుమతులు చూసే కేంద్ర సర్కారు ఆఫీసు డీజీఎఫ్‌టీ లైసెన్స్ తీసుకోవాలె, గది చూసే ఉద్యోగాన్ని ఎక్స్‌పోర్ట్ కంప్లయన్స్ అంటరు. థయోడైగ్లైకాల్ అని ఒకటుంటది, బాల్ పెన్ను ఇంకులల్ల వాడుతరు, మస్టర్డ్ గ్యాసు అనే రసాయన ఆయుధానికి మూలసరుకు కూడ గదే. కొంటున్నోడు నిజంగ ఇంకు కంపెనోడేనా అని పట్టుకోవాలంటే కెమిస్ట్రీ తెలిసినోళ్లే కావాలె.

బీఎడ్ ఫీజు ఇప్పుడే కట్టకున్రి. బిడ్డను డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌ల స్కోమెట్ లిస్టు డౌన్‌లోడ్ చేసి మొత్తం చదువుమనున్రి, శాన పొడుగుంటది, నిద్ర రాకుంట అయిపోగొడితే నాకు ఫోన్ చెయ్యమనున్రి.