తుపాకి ఉన్న ఇంటికి పిల్లవాణ్ని పంపాలా?

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. శనగ చేలో పడే అడవిపందుల కోసం జేజినాయన కొన్న తుపాకి ఇప్పుడు నాయన లైసెన్సు మీద ఉంది. చిన్నప్పుడు అమ్మతో గొడవైతే నాయన దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఎవరినీ కాల్చలేదు. అయినా ఇప్పటికీ గిన్నె కింద పడితే నాకు గుండె దడ. నాయనకు 72 ఏళ్లు. దసరా సెలవులకు నా ఆరేళ్ల కొడుకును పంపమని, ఆయుధపూజనాడు వాడి చేత తుపాకి పట్టిస్తానని అంటున్నాడు. వద్దంటే, ‘కడపకు పోయి పిరికిదానివైనావు’ అన్నాడు మా అన్న. తూటాలు అమ్మ పెట్టెలో పట్టుచీరల కింద ఉంటాయని నా కొడుకు వయసుకే నాకు తెలుసు. ఏం చేయాలి?

జవాబు: మీరు పిరికివారు కారమ్మా. పేలకపోయినా ఆ తుపాకి మీ ఇంట్లో అందరి నోళ్లూ మూయించింది. ఒక బెదిరింపు కింద పెరిగిన పిల్ల పెద్దయ్యాక చిన్న చప్పుడుకు కూడా ఉలిక్కిపడటం సహజం. నిద్ర కూడా పట్టకపోతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మీ అబ్బాయి విషయంలో నా మాట ఒకటే: ఇప్పుడున్నట్టు ఉంటే రాత్రి అక్కడ ఉంచొద్దు. పట్టుచీరల కింద దాస్తే పిల్లలకు తెలియదని పెద్దవాళ్లు అనుకుంటారు. ఎంత తెలుస్తుందో మీకంటే ఎవరికి తెలుసు? తుపాకి ఖాళీ చేసి ఇనుప బీరువాలో, తూటాలు వేరేచోట తాళంలో, తాళంచెవులు నాయన దగ్గరే ఉండాలి. అది మీ కళ్లతో చూశాకే పంపండి. పూజకు బొట్టు పెట్టి దండం పెట్టిస్తే చాలు, చేతికివ్వడం వద్దు.

ఈ మాట మీ అన్న ముందు, పండగ జనం ముందు ఎత్తకండి. అందరిలో అడిగితే అది పరువు సమస్య అయిపోతుంది. ముందే ఒకరోజు వెళ్లి నాయనతో ఒంటరిగా మాట్లాడండి. ‘నాయనా, నిన్ను తప్పు పట్టడానికి రాలేదు. చిన్నప్పుడు నాకు భయమేసేది, ఇప్పుడు వీడి కోసం అడుగుతున్నా’ అనండి. ఎలక్షన్లప్పుడు తుపాకిని స్టేషన్లో అప్పగించి రావడం లైసెన్సున్న ఇళ్లలో మామూలే. అప్పుడు పోని పరువు మనవడి కోసం బీరువాలో పెడితే పోతుందా?

అన్నకు తుపాకి మీద మమకారముంటే దానికీ దారి ఉంది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లుగా తన దగ్గరున్నా, వారసుడి పేరు మీదికి మార్చమని దరఖాస్తు చేసుకోవచ్చు. ఇవ్వాలా వద్దా అనేది కలెక్టర్ ఇష్టం.

ఇంకొకటి మీరు రాయలేదు, నాకు అదే ఎక్కువ దిగులుగా ఉంది. నాయన ఈ మధ్య ఎలా ఉంటున్నారు? ఇంకా తుపాకి తీసి కూర్చుంటున్నారా? ‘ఎందుకీ బతుకు’ అంటున్నారా? అమ్మను పక్కకు పిలిచి అడగండి. అవునంటే బీరువా కూడా చాలదు, ఆ రోజే తుపాకి ఇల్లు దాటాలి. స్టేషన్లో అప్పగించేలా అన్నను కూడా ఒప్పించండి, నాయనను డాక్టరుకు చూపించండి. అప్పటికప్పుడు ప్రమాదమనిపిస్తే 112కు ఫోన్ చేయడానికి అమ్మ గానీ మీరు గానీ మొహమాటపడొద్దు.

బీరువా సంగతి తేలకపోతే ఈ దసరాకు అమ్మానాయనలనే కడపకు పిలవండి.