గాలిమరల గురించి రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

పవన విద్యుత్తు మీద నీ వ్యాసం చదివాను. "ఎక్కడో ఒకచోట గాలి వీస్తూనే ఉంటుంది, మరలను దూరదూరంగా పెడితే చాలు" అన్న వాక్యం కొట్టెయ్యి. అది అబద్ధమని కాదు. ఎంత దూరం, ఎంతసేపటి ఒడుదొడుకులకు అన్నది చెప్పకపోతే ఆ మాట గాల్లో మాటే.

సెకన్లలో వచ్చే హెచ్చుతగ్గులు ఒకే పవన విద్యుత్ కేంద్రంలోని మరల మధ్యే సర్దుకుపోతాయి. గంటల్లో వచ్చేవి సర్దుకోవాలంటే కేంద్రాల మధ్య పదులు, వందల కిలోమీటర్ల ఎడం కావాలి. రోజుల తరబడి గాలి పడిపోయిందంటే చాలాసార్లు కారణం అధిక పీడన ప్రాంతం. అది వెయ్యి కిలోమీటర్ల మేర పరుచుకోగలదు, దాని కింద ఎన్ని కేంద్రాలున్నా అన్నీ ఒకేసారి చతికిలబడతాయి.

పాఠకుడికి ఒక లెక్క చూపించు. రెండు కేంద్రాలు, ఒక్కోదాని ఉత్పత్తిలో ప్రామాణిక విచలనం (సగటు నుంచి ఎంత అటూఇటూ ఊగుతుందో చెప్పే కొలత) 30 మెగావాట్లు అనుకుందాం. రెండూ అచ్చంగా ఒకేలా ఆడితే మొత్తం విచలనం 60. సహసంబంధం, అంటే రెండూ ఎంత కలిసి ఆడతాయో చెప్పే అంకె (అచ్చంగా ఒకేలా అయితే 1, పొంతన లేకపోతే సున్నా), 0.5 అయితే సుమారు 52, సున్నా అయితే 42. సున్నా కంటే తక్కువ సహసంబంధం దొరకడం అరుదు, దాన్ని ఆశగా అమ్మకు.

ఈ సహసంబంధాన్ని గాలి వేగంతో కాదు, విద్యుత్తుతో లెక్కించాలి. వేగం సెకనుకు 8 నుంచి 10 మీటర్లకు పెరిగితే గాలిలోని శక్తి దాదాపు రెట్టింపవుతుంది. సెకనుకు 25 మీటర్ల దరిదాపుల్లో చాలా మరలు వాటంతటవే ఆగిపోతాయి. తుఫాను రోజున వేగం బాగానే కనిపిస్తుంది, ఉత్పత్తి మాత్రం సున్నా. రోజువారీ సగటులు వాడకు, గంటల లెక్కలే వాడు. ఒక ఫైలు గ్రీనిచ్ సమయంలో, ఇంకోటి స్థానిక సమయంలో ఉంటే లేని వైవిధ్యం ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ పొరపాటు ఎంత సులువో, పట్టుకోవడం అంత కష్టం. గంట గంటకూ వచ్చే తేడాల సహసంబంధం కూడా విడిగా చూడు. దూరంతో అది ఇంకా త్వరగా తగ్గుతుంది, గ్రిడ్ నడిపేవాళ్లకు కావలసింది కూడా అదే.

దూరం ఒక్కటే చాలదు, గాలి స్వభావం కూడా వేరై ఉండాలి. టెక్సాస్ పశ్చిమ మైదానాల్లో గాలి రాత్రిపూట బలంగా ఉంటే, గల్ఫ్ తీరంలో సముద్రపు గాలి మధ్యాహ్నం తర్వాత పుంజుకుంటుంది. ఆ రెండూ ఒకదాని లోటు ఒకటి కొంత తీరుస్తాయి.

దీనికయ్యే ఖర్చు దాచకు. మరల పూర్తి సామర్థ్యంలో సగటున 40 శాతం ఉత్పత్తి వచ్చే చోట 100 మెగావాట్లూ పెడితే సగటున 40 మెగావాట్లు వస్తాయి. నిలకడ కోసం సగం మరలను 30 శాతం వచ్చే చోటికి మారిస్తే 35కు పడిపోతుంది. ఆ అయిదు మెగావాట్లకు తగిన నిలకడ దక్కిందా అన్నదే నీ వ్యాసం తేల్చాలి. రెండు చోట్లనూ కలిపే లైన్లలో ఖాళీ లేకపోతే ఈ లెక్కంతా కాగితం మీదే.

ఇవన్నీ చేర్చి మళ్లీ పంపు. శీర్షిక సంగతి అప్పుడు చూద్దాం.