డేవిస్ కప్‌లో మన డబుల్స్ జోడీ గెలిచినా జట్టు ఎందుకు ఓడిపోతుంటుంది?

డబుల్స్‌లో పేరున్న ఆటగాళ్లకు ఏనాడూ కొదవ లేని భారత పురుషుల జట్టు, దేశాల మధ్య జరిగే టెన్నిస్ పోటీ అయిన డేవిస్ కప్‌లో పెద్ద దేశాల ముందు ఎందుకు నిలవలేకపోతోందని, ఒక టైని (రెండు దేశాల మధ్య ఐదు మ్యాచ్‌ల పోరును) స్టేడియంలో చూడాలనుకునేవారు ఏ రోజు వెళ్లడం మంచిదని మీరు అడిగారు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, 2014 సెప్టెంబరులో, కబ్బన్ పార్కులోని కర్ణాటక టెన్నిస్ సంఘం (కేఎస్ఎల్‌టీఏ) స్టేడియంలో, పోటీ పై అంచె అయిన వరల్డ్ గ్రూప్‌లో చోటు కోసం సెర్బియాతో జరిగిన ప్లేఆఫ్‌ను నేను గ్యాలరీలో కూర్చుని చూశాను. మీ మొదటి ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ ఒక్క టైలోనే ఉంది.

ఆ టైకి సెర్బియా మేటి ఆటగాడు జొకోవిచ్ రాలేదు కాబట్టి మనవాళ్లు గెలుస్తారన్న ఆశతోనే అందరం వెళ్లాం. శుక్రవారం సాయంత్రానికి యూకీ బాంబ్రీ, సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ ఇద్దరూ సింగిల్స్‌లో ఓడిపోయి జట్టు 0-2తో వెనకబడింది. శనివారం ఒక్క డబుల్స్ మ్యాచే ఉండేది. అందులో లియాండర్ పేస్, రోహన్ బోపన్న తొలి రెండు సెట్లు చేజార్చుకొని, జిమోనిచ్, బొజొల్యాచ్ జోడీపై చివరికి ఐదో సెట్‌ను 8-6తో గెలిచారు. మా సీట్లు బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వెనక ఉండటంతో టీవీలో అంతగా పట్టించుకోని ఒక సంగతిని ఆ రోజు దగ్గరగా గమనించగలిగాను. బోపన్న సర్వీస్ చేయబోయే ముందు, నెట్ దగ్గర వంగి నిలబడిన పేస్ ఎడమ చేతిని వీపు వెనక్కు తెచ్చి, తాను అడ్డంగా దూకబోతున్నాడో, ఉన్నచోటే ఉంటాడో వేళ్లతో సైగ చేసేవాడు. ఆ సైగకు తగ్గట్టుగా సర్వీస్ పడటం, రిటర్న్ వచ్చేలోపే పేస్ బంతి దారిలోకి చేరి, అది నేలను తాకకముందే వాలీ కొట్టడం చూశాక, ఈ ఆటకు సింగిల్స్ ర్యాంకింగ్‌తో పెద్దగా పని లేదని అర్థమైంది.

ఆదివారం సోమ్‌దేవ్ ఐదు సెట్లు పోరాడి లాయోవిచ్‌ను ఓడించి స్కోరు 2-2 చేశాడు. తర్వాత వాన వచ్చింది. సోమవారానికి వాయిదా పడిన చివరి మ్యాచ్‌లో క్రాయినోవిచ్ మూడు వరుస సెట్లలో యూకీని ఓడించాడు. ఆఫీసు మానలేక దాన్ని ఫోన్‌లో స్కోరు చూస్తూ ముగించినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఎంత గొప్ప డబుల్స్ జోడీ ఉన్నా అది తెచ్చేది ఐదింటిలో ఒక పాయింటే; మిగిలిన నాలుగూ సింగిల్స్‌వి, వాటిలో రెండైనా గెలవకపోతే డబుల్స్ ఎంత బాగా ఆడినా దక్కేది ఏమీ ఉండదు.

ఇది కొత్త జబ్బు కాదు. 1966లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాతో ఆడిన తొలి ఫైనల్‌లో మనకు వచ్చిన ఏకైక పాయింట్, రామనాథన్ కృష్ణన్, జైదీప్ ముఖర్జీ కలిసి న్యూకోంబ్, రోచ్‌లను ఓడించిన డబుల్స్‌దే. 1974లో వర్ణవివక్షకు నిరసనగా దక్షిణాఫ్రికాతో ఫైనల్ ఆడటానికి మనం నిరాకరించాం కాబట్టి ఆ ఏటి సంగతి వేరు. 1987లో మళ్లీ ఫైనల్‌కు చేరామంటే అది సింగిల్స్ చలవే: సిడ్నీలో ఆస్ట్రేలియాతో సెమీఫైనల్‌లో 2-2 దగ్గర ఐదో మ్యాచ్‌లో రమేశ్ కృష్ణన్ ఆ దేశపు ఆటగాడు వాలీ మాజుర్‌ను ఓడించాడు. ఆ తర్వాతి కాలంలో పేస్, మహేశ్ భూపతి జోడీ డేవిస్ కప్‌లో వరుసగా 24 మ్యాచ్‌లు గెలిచి రికార్డు సృష్టించినా, జట్టు మాత్రం ఫైనల్ ముఖం చూడలేదు.

మనవాళ్లు డబుల్స్ వైపే ఎందుకు మళ్లుతారంటే, నా అభిప్రాయంలో ప్రధాన కారణం డబ్బు. సింగిల్స్‌లో తొలి వందలోకి చేరేదాకా ఫ్యూచర్స్, చాలెంజర్ వంటి కింది స్థాయి టోర్నీల కోసం ఏడాది పొడుగునా విదేశాలు తిరగాలి, కోచ్ ఖర్చులు భరించాలి, దానికి సగటు కుటుంబం తట్టుకోలేదు. డబుల్స్‌లో శరీరం ఎక్కువ కాలం నిలుస్తుంది. బోపన్న 43 ఏళ్ల వయసులో, 2024లో, ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచాడు. మన ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని, హైదరాబాదీ రిత్విక్ చౌదరి బొల్లిపల్లి ఇటీవలి టైలలో ఎక్కువగా డబుల్స్ ఆడింది అందుకేనేమో.

సొంతగడ్డపై కోర్టును ఎంచుకునే హక్కు కూడా సింగిల్స్ లోటును పూడ్చలేదు. 2019 ఫిబ్రవరిలో ఇటలీని ఇబ్బంది పెట్టాలని కోల్‌కతా సౌత్ క్లబ్ పచ్చికపై ఆడించారు. బోపన్న, దివిజ్ శరణ్ డబుల్స్ గెలిచారు, టై 1-3తో పోయింది. ఆ టైలో పచ్చికపై మనల్ని ఓడించిన బెరెత్తినీ రెండేళ్లకు వింబుల్డన్ ఫైనల్ ఆడాడు, కాబట్టి ఆ ఎత్తుగడ ఎవరికి కలిసొచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. ఇందుకు పూర్తి భిన్నంగా, 2025 సెప్టెంబరులో స్విట్జర్లాండ్‌లోని బీల్‌లో మన జట్టు 3-1తో గెలిచినప్పుడు డబుల్స్ ఓడిపోయాం. సుమీత్ నాగల్ రెండు సింగిల్స్, 600కు పైబడిన ర్యాంకుతో తొలిసారి బరిలోకి దిగిన దక్షిణేశ్వర్ సురేశ్ ఒకటి గెలిచి టైని ముగించారు. యూరప్‌లో ఒక యూరోపియన్ జట్టును ఓడించడం 1993లో ఫ్రాన్స్‌పై గెలుపు తర్వాత మనకు అదే మొదటిసారి.

ఇక మీ రెండో ప్రశ్న. మన జట్టు ఆడే స్థాయిలో 2018 నుంచి టైని రెండు రోజుల్లో, మూడు సెట్ల మ్యాచ్‌లతో ముగిస్తున్నారు; మొదటి రోజు రెండు సింగిల్స్, రెండో రోజు డబుల్స్, ఆపై ప్రత్యర్థులు మారే రివర్స్ సింగిల్స్ ఉంటాయి. రెండు రోజులూ కుదరకపోతే రెండో రోజుకే టికెట్ తీసుకోండి. 2018 ఏప్రిల్‌లో తియాన్‌జిన్‌లో చైనాపై 0-2 నుంచి పేస్, బోపన్న డబుల్స్ గెలుపుతో మొదలుపెట్టి, రామ్‌కుమార్, ప్రజ్ఞేశ్ సింగిల్స్‌తో 3-2గా ముగించింది ఆ రెండో రోజునే. ఫలితం ముందే తేలిపోతే చివరి మ్యాచ్ ఆడకపోవచ్చు కాబట్టి డబుల్స్ మొదలయ్యే వేళకే లోపల ఉండండి, వీలైతే బేస్‌లైన్ వెనక సీటు అడగండి.