పన్నెండు మంది పన్నెండు రకాలుగా చెబితే ఏ మాట వినాలి?

మీ కథను క్లాసులో పన్నెండు మంది చదివి తలో మాట అన్నారు, అవన్నీ దిద్దబోతే అసలు కథే మిగల్లేదు, క్రియేటివ్ రైటింగ్ కోర్సే మానేయాలనిపిస్తోంది అని రాశారు. ఈ ఒక్క కథ కోసం మానేయకండి. మొదటి సెమిస్టర్‌లో నాదీ ఇదే టెన్షన్.

రచయిత నోరు మెదపకుండా కూర్చుంటే మిగతావాళ్లు కథను చర్చించే ఈ పద్ధతికి పేరు తెచ్చింది 1936లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో మొదలైన రైటర్స్ వర్క్‌షాప్. దీంతో చిక్కేమిటంటే, మీరేం చెప్పదలచుకున్నారో ఎవరూ అడగరు.

క్లాసువాళ్లు వ్యాఖ్యలు రాసిచ్చిన మీ కథ కాపీలు ఒక వారం తెరవకండి. తర్వాత అన్నీ పక్కపక్కన పరిచి, సలహాల సంగతి వదిలేసి, చదివేవాళ్లు ఎక్కడ ఆగిపోయారో మాత్రమే చూడండి. నా కథ మూడో పేజీ మార్జిన్‌లో ఒకరు "అత్త పాత్ర తీసేయ్" అని రాస్తే, ఇంకొకరు సరిగ్గా అక్కడే "అత్త గురించి ఇంకా రాయి" అన్నారు. నేను రెండూ చేసి చూశాను, కథ ఇంకా పాడైంది! అసలు లోపం రెండో పేజీలో ఉంది. అత్త ఆ ఇంటికి ఎందుకొచ్చిందో నేను చెప్పనేలేదు. ఒక్క వాక్యం చేరిస్తే సరిపోయింది.

ఈసారి కథతో పాటు మీరే రెండు ప్రశ్నలు రాసి ఇవ్వండి. "ముగింపు ముందే తెలిసిపోయిందా?" లాంటివి. ఇంకో మాట, చాలా కోర్సుల్లో కథతో పాటు దాన్ని ఎలా రాశారో, ఎలా దిద్దారో చెప్పే వ్యాసానికీ మార్కులుంటాయి. ఏ సలహా ఎందుకు వద్దనుకున్నారో ఇప్పుడే నోట్ చేసుకుంటే అందులో పనికొస్తుంది.