టెక్ సందేహాలు: గోడ వెనక నక్కినవాడికి గురి ఎలా?

కావలి నుంచి డిప్లొమా చదివే ఒక కుర్రాడి ప్రశ్న: "అన్నా, సెలవుల్లో గేమింగ్ కేఫ్‌లో వాలరెంట్, ఇంటికాడ ఫోన్‌లో బీజీఎంఐ ఆడతాను. తుపాకీ గురి బాగానే ఉంది. శత్రువు పెట్టె వెనకో గోడ వెనకో నక్కితే మాత్రం నా ఎబిలిటీలు ఒక్కటీ పనికిరావడం లేదు. సోవా బాణం, ఫీనిక్స్ ఫ్లాష్, ఫోన్‌లో గ్రెనేడ్, ఏదైనా అంతే. యాడ కొట్టినా గోడకే తగులుతోంది. సెన్సిటివిటీ మార్చాలా, మౌస్ మార్చాలా?"

ఆడనివాళ్లకు ఒక మాట: వాలరెంట్, బీజీఎంఐ రెండూ తుపాకీ ఆటలు. సోవా, ఫీనిక్స్ వాలరెంట్‌లోని పాత్రలు, ఎబిలిటీ అంటే తుపాకీ కాక పాత్రకుండే ప్రత్యేక శక్తి, ఫ్లాష్ అంటే ఎదుటివాడి కళ్లు తెల్లబరిచే వెలుగు. సెన్సిటివిటీ అంటే చెయ్యి కదిపితే గురి ఎంత కదలాలన్న సెట్టింగ్.

తమ్ముడూ, మౌస్ మీద డబ్బు పెట్టొద్దు. సెన్సిటివిటీ కూడా ముట్టుకోవద్దు, కుదిరిన తుపాకీ గురి చెడిపోతుంది. తుపాకీతో మనిషిని చూస్తాం, మనిషినే కొడతాం. ఆ అలవాటుతోనే ఎబిలిటీ కూడా మనిషి ఉన్న వైపే వేస్తున్నావు. మధ్యలో గోడ ఉంది కదా, దానికే తగులుతోంది. దాక్కున్నవాడి విషయంలో గురి పెట్టాల్సింది మనిషికి కాదు, చోటుకి. అతని వెనక గోడకో, పక్కనున్న నేలకో, పైనున్న దూలానికో.

ఏ చోటుకు అన్నది ఆ ఎబిలిటీ గోడతో ఎలా ప్రవర్తిస్తుందన్న దాన్నిబట్టి ఉంటుంది. గేమ్‌లో ఒక పేలుడు జరిగినప్పుడు కంప్యూటర్ ఆ పేలిన చోటు నుంచి ప్రతి ఆటగాడి ఒంటి దాకా కంటికి కనపడని ఒక గీత గీసి చూస్తుంది. మధ్యలో గోడ అడ్డొస్తే చాలా గేముల్లో దెబ్బ పడదు. పక్కనే పేలినా "వీడికేం కాలేదేంటి" అని నువ్వు తల పట్టుకునేది ఇందుకే. సోవా వేసే రీకాన్ బోల్ట్ అనే బాణానిది కూడా ఇదే లెక్క. బాణం దిగిన చోటు నుంచి నేరుగా కనిపించేవాళ్లనే అది పట్టిస్తుంది. అంటే బాణానికి కన్ను ఉందనుకో. నువ్వు ఆ కన్నును తీసుకెళ్లి పెట్టె ముందువైపు అతికిస్తున్నావు. దానికి పెట్టె తప్ప ఇంకేం కనపడుతుంది?

పోయిన నెల నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఒక కేఫ్‌కు మా మేనల్లుణ్ణి తీసుకెళ్లాను. వాడూ సోవానే ఆడతాడు. పెట్టె వెనక ఒకడున్నాడని అడుగుల చప్పుడును బట్టి తెలిసింది. మేనల్లుడు బాణం లాగి పెట్టె నడిమధ్యకు గురిపెట్టి వదిలాడు. అది పెట్టె ముందు చెక్కకు దిగి నీలం వెలుగు చిమ్మింది, ఎవరూ కనపడలేదు. తర్వాతి రౌండ్‌లో అదే చోట నిలబడమని, క్రాస్‌హెయిర్ (తెర నడుమ ఉండే గురి గుర్తు) పెట్టె మీద కాకుండా దాని వెనకున్న గోడ పైఅంచు మీద పెట్టమని చెప్పాను. బాణం పెట్టె మీదుగా పోయి అవతలి గోడకు గుచ్చుకుంది. అక్కణ్ణుంచి వెనక్కి చూస్తే పెట్టె చాటున కూర్చున్నవాడి ఒళ్లంతా కనపడింది. మా వాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మౌస్ అదే, చెయ్యి అదే, గురిపెట్టిన చోటు ఒక్కటే మారింది.

బాణం ఎత్తులో దిగాలనడానికి ఇంకో కారణం ఉంది. శత్రువు దాన్ని కాల్చి పగలగొట్టగలడు. వాడి కళ్లముందు దిగితే ఒక్క బుల్లెట్‌తో పోతుంది. తల ఎత్తి వెతుక్కోవాల్సిన చోట దిగితే వాడు వెతికేలోపు నీ పని అయిపోతుంది.

సోవా బాణాన్ని రెండుసార్ల దాకా గోడలకు తగిలి మళ్లేలా కూడా వేయొచ్చు. ఇది అచ్చం క్యారమ్స్‌లో రీబౌండ్ కొట్టడమే. కాయిన్ మీద నేరుగా స్ట్రైకర్ వేయడానికి దారి లేకపోతే అవతలి చెక్కకు కొట్టి తెస్తాం కదా. చెక్కకు ఏ వాలులో తగిలితే అదే వాలులో ఇటు తిరుగుతుంది. క్యారమ్ బోర్డు దగ్గర ఆ లెక్క చేతికి వచ్చినవాడికి ఇక్కడ రెండు రోజుల్లో పట్టుబడుతుంది.

ఇక ఫీనిక్స్ ఫ్లాష్, దాని పేరు కర్వ్‌బాల్. నేరుగా విసిరితే పేలే వస్తువు కాదది, మూల తిరిగే వస్తువు. ఎడమ క్లిక్‌తో ఎడమకు, కుడి క్లిక్‌తో కుడికి మళ్లుతుంది. కాబట్టి శత్రువున్న మూలకు గురిపెట్టకూడదు. మూలకు కాస్త బయట, ఖాళీ గాలిలోకి గురిపెట్టు. మలుపు అది చూసుకుంటుంది. గోడ అంచుకు మరీ దగ్గరగా వేస్తే మలుపు పూర్తికాకముందే గోడకు తగిలి, నీ వైపే పేలి, నీ కళ్లే తెల్లబడతాయి. నీకు జరుగుతున్నది ఇదేనని నా నమ్మకం.

కొన్ని ఎబిలిటీలు అసలు గోడను లెక్కచేయవు. బ్రీచ్ అనే పాత్ర వేసే ఆఫ్టర్‌షాక్ గోడలోంచి దూసుకుపోయి గోడకు అవతలి వైపు పేలుతుంది. దానికి గోడే గురి. గోడకు ఎదురుగా నిటారుగా నిలబడి వెయ్యి, ఏటవాలుగా వేస్తే నువ్వనుకున్న చోటుకు పక్కన బయటికొస్తుంది. సోవా అల్టిమేట్ (అన్నిటికన్నా పెద్ద ఎబిలిటీ) హంటర్స్ ఫ్యూరీ కూడా ఇంతే, ఎన్ని గోడలున్నా దాటుకుపోతుంది. మూడు దెబ్బలు, ఒక్కోటి 80. నిండు ప్రాణం 100, బరువు కవచం 50 కలిపితే 150. అంటే రెండు తగిలితే ఎంతటివాడైనా పడిపోతాడు. రీకాన్ బాణంతో చోటు తెలుసుకుని, ఆ వెంటనే ఇది వేసేవాళ్లు అందుకే గెలుస్తున్నారు.

గురి ముందు చెవి పని ఒకటుంది. మా చీమకుర్తి వైపు గ్రానైట్ బండలు పేర్చిన యార్డుల్లో చిన్నప్పుడు దాగుడుమూతలు ఆడినవాళ్లకు తెలుసు. బండ వెనక ఉన్నవాణ్ణి పట్టుకోవాలంటే బండకేసి చూస్తే లాభం లేదు. నేల మీద నీడ చూడాలి, కంకర మీద అడుగు చప్పుడు వినాలి. వాలరెంట్ సౌండ్ సెట్టింగ్స్‌లో హెచ్‌ఆర్‌టీఎఫ్ అని ఉంటుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని దాన్ని ఆన్ చెయ్యి. ముందు, వెనక, పైన, కింద చప్పుళ్లు వేరువేరుగా తెలుస్తాయి. ఎక్కడున్నాడో తెలియకుండా ఎంత బాగా విసిరినా వృథాయే.

సాధనకు కేఫ్ డబ్బులు మ్యాచ్‌ల మీద తగలేయొద్దు. కస్టమ్ గేమ్ (నీకు నువ్వే పెట్టుకునే ఆట) తెరిచి, అందులోనే ఉండే చీట్స్ సెట్టింగ్ ఆన్ చేస్తే అంతులేనన్ని ఎబిలిటీలు వస్తాయి. ఘోస్ట్ మోడ్ కూడా ఉంటుంది, గోడల్లోంచి ఎగురుతూ వెళ్లి నీ బాణం ఎక్కడ దిగిందో దగ్గర నుంచి చూసుకోవచ్చు. ఒక మ్యాప్, ఒక మూల, ఒక బాణం. గంటసేపు అదే. నువ్వు నిలబడిన చోటు, క్రాస్‌హెయిర్ పెట్టిన కిటికీ అంచో పెంకు కొసో నోట్‌బుక్‌లో రాసుకో.

ఫోన్ సంగతికొస్తే, బీజీఎంఐలో బుల్లెట్ ఇంటి గోడను దాటదు, కాబట్టి గ్రెనేడే దిక్కు. విసిరేటప్పుడు దారి చూపించే వంపు గీత వస్తుంది కదా, అందరూ దాని చివరను గోడ మీద పెడతారు. గోడకు ఒక అడుగు అవతల, వాడి మడమల వెనక నేల మీద పడేలా పెట్టు. గోడ ఎత్తుగా ఉంటే పైనుంచి వేసే హై త్రో, కిటికీలోంచో తలుపు సందులోంచో అయితే లో త్రో. పిన్ లాగి కొంచెంసేపు చేతిలోనే ఉంచి వదిలితే వాడికి పారిపోయే టైమ్ ఉండదు. మరీ ఎక్కువసేపు ఉంచితే నీ చేతిలోనే పేలుతుంది, ట్రైనింగ్ గ్రౌండ్‌లో లెక్క కుదిరాకే మ్యాచ్‌లో వాడు. మోలటోవ్‌కు (మంట పెట్టే సీసా) ఆ ఆగడం అక్కర్లేదు, తగలగానే అంటుకుంటుంది.

ఇంకో చిక్కు. టీపీపీలో, అంటే నీ బొమ్మను వెనక నుంచి చూస్తూ ఆడే పద్ధతిలో, కెమెరా దాని కుడి భుజం మీదుగా చూస్తుంది. నీ కంటికి దారి ఖాళీగానే ఉంటుంది, తుపాకీ గొట్టం ముందు మాత్రం గోడ ఉంటుంది. అందుకే "క్లియర్‌గా కనపడుతున్నాడు, తగలడం లేదు" అనిపిస్తుంది. గోడకు కుడి అంచు నుంచి ఆడితే ఈ బాధ చాలా తగ్గుతుంది. సెట్టింగ్స్‌లో పీక్ అండ్ ఫైర్ ఆన్ చేసుకుని పక్కకు ఒరిగి కొట్టడం నేర్చుకో.

ఒక మాట ఎక్కువైనా చెబుతాను, నాకు ఇష్టమైన సంగతి కాబట్టి. ఈ చాటు సమస్యకు నేను చూసినవాటిలో అందమైన జవాబు 2010లో వచ్చిన మాస్ ఎఫెక్ట్ 2 అనే గేమ్‌లో ఉంది. ఆటను ఆపి, శత్రువును ఎంచుకుని, క్రాస్‌హెయిర్‌ను వాడి మీద కాకుండా పక్కకో పైకో జరిపి త్రో, వార్ప్ లాంటి శక్తిని వదిలితే అది గాలిలో వంపు తిరిగి చాటు వెనకున్నవాడిని వెతుక్కుంటూ పోతుంది. ఓవర్‌లోడ్ అనే శక్తి అలా కాదు, ఎగిరే పని లేకుండా నేరుగా శత్రువు మీదే పడుతుంది. పాత కంప్యూటర్ ఉన్నా ఆడొచ్చు. పక్కకు గురిపెట్టడం చేతికి అలవాటు కావాలంటే అంతకు మించిన బడి నాకు కనపడలేదు.

ఒంగోలు నుంచి ఒక తల్లి రాశారు: "మా బాబు ఇంటర్ మొదటి సంవత్సరం. గోడ వెనక ఉన్న శత్రువులు కూడా కనిపించే యాప్ అని ఎవరో టెలిగ్రామ్‌లో లింక్ పంపితే 500 రూపాయలు కట్టి నా ఫోన్‌లోనే వేసుకున్నాడు. బ్యాంకు యాప్ కూడా అదే ఫోన్‌లో ఉంది. భయంగా ఉంది."

అమ్మా, మీ భయం సరైనదే. ముందు చేయాల్సింది చెబుతాను. వెంటనే నెట్ ఆపేయండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి ఆ యాప్‌కు అనుమతి ఉంటే తీసేయండి. డివైస్ అడ్మిన్ యాప్స్ జాబితాలో ఉన్నా తీసేయండి. ఆ తర్వాతే అన్‌ఇన్‌స్టాల్ అవుతుంది. కాకపోతే ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో (బయటి యాప్‌లు పనిచేయని స్థితి) పెట్టి తీయండి. అదీ కుదరకపోతే ఫొటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. పాస్‌వర్డ్, యూపీఐ పిన్ ఈ ఫోన్‌లో మార్చొద్దు. పాస్‌వర్డ్ ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచో బ్యాంకుకు వెళ్లో మార్చండి, యూపీఐ పిన్ సంగతి బ్యాంకులోనే అడగండి. ఖాతాలో ఒక్క రూపాయి తేడా కనపడినా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు చేతులు మారకముందే ఆపగలిగేది మొదటి గంటల్లోనే.

ఇలాంటి యాప్‌లు ఎస్సెమ్మెస్ చదివే అనుమతి, తెర మీద కనపడేదంతా చూసే అనుమతి అడుగుతాయి. గేమ్‌కు ఆ రెండూ అక్కర్లేదు. ఓటీపీలు దొంగిలించేవాళ్లకే అవి కావాలి.

బాబుతో కోప్పడకుండా కూర్చుని ఇది కూడా చెప్పండి. శత్రువు ఎక్కడున్నాడో గేమ్ సర్వర్ ఫోన్‌కు ముందే పంపుతుంది, లేకపోతే మూల తిరగగానే బొమ్మ గీయలేదు. దొంగ యాప్‌లు చదివేది ఆ సమాచారాన్నే. గేమ్ కంపెనీలు దీన్ని పట్టుకుంటాయి, బీజీఎంఐలో దొరికితే 10 ఏళ్ల బ్యాన్ దాకా పడుతుంది. వాలరెంట్ అయితే శత్రువు కంటపడబోయే క్షణం దాకా వాడి చోటునే పంపకుండా సర్వర్‌లో దాచి ఉంచుతుంది. బాబుకు గోడ వెనక ఎవరున్నారో తెలుసుకునే సరదా ఉంటే పైన కావలి తమ్ముడికి రాసింది చదవమనండి. ఆ పని చేసే ఎబిలిటీలు గేమ్‌లోనే ఉన్నాయి. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆడేవాడైతే క్లూ అనే పాత్ర నిలబడి ఉన్న శత్రువుల చోటు చూపిస్తుంది, మోకో తాను కొట్టినవాళ్ల జాడ పట్టిస్తుంది.

పొదిలి నుంచి: "ఎండాకాలం మధ్యాహ్నం గ్రెనేడ్ విసిరేటప్పుడే గేమ్ పట్టిపట్టి ఆడుతోంది. ఫోన్ పాడైందా?"

పాడవలేదు. వేడెక్కితే ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. సెకనుకు 60 ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) 30కి పడితే ఒక్కో బొమ్మ మధ్య ఎడం 17 మిల్లీసెకన్ల నుంచి 33కి పోతుంది, వంపు గీత వేలి వెనకే ఈడ్చుకుంటూ వస్తుంది. రోహిణి కార్తెలో మన వైపు గదిలో ఫ్యానే వేడిగాలి కొడుతుంది, ఫోన్‌ను తప్పుపట్టి ఏం లాభం? కవర్ తీసేయండి, చార్జింగ్ పెట్టి ఆడొద్దు, గ్రాఫిక్స్ స్మూత్‌లో పెట్టండి. ఫ్రేమ్ రేట్ మాత్రం తగ్గించకండి, ముందు బొమ్మ నాణ్యత తగ్గించి చూడండి. ఆట పొద్దు వాలాక పెట్టుకుంటే ఇంకా మంచిది.

కోవూరు నుంచి: "గ్రెనేడ్ బటన్‌కు బొటనవేలు అందడం లేదు. గురిపెట్టే వేలు తీయాల్సి వస్తోంది."

కంట్రోల్స్ లేఅవుట్‌లోకి వెళ్లి ఆ బటన్‌ను ఎడమవైపు పైకి, చూపుడువేలు పడే చోటుకు జరపండి. సైజు కొంచెం పెంచండి. గైరోస్కోప్ ఆల్వేస్ ఆన్‌లో పెడితే గురి ఫోన్‌ను వంచి సర్దుకోవచ్చు, వేలితో పని తగ్గుతుంది. మొదటి మూడు రోజులు చెయ్యి పాత చోటుకే పోతుంది. ఆ మూడు రోజులు ర్యాంక్ మ్యాచ్‌లు ఆడకుండా ట్రైనింగ్ గ్రౌండ్‌లోనే విసరండి.