కొండముచ్చుల గుంపులో కొత్త మగది పిల్లలను ఎందుకు చంపుతుంది?

గుంపుగా బతకడం జంతువులకు మేలైతే, అదే గుంపులో పసిపిల్లలను చంపేంత వైరం ఎందుకన్నది ప్రశ్న. గుంపు వల్ల కలిగే లాభం అన్నింటికీ సమానంగా దక్కకపోవడమే దీనికి మూలం.

కొండముచ్చుల్లో ఆడవి సాధారణంగా పుట్టిన గుంపులోనే ఉండిపోతాయి కాబట్టి తల్లులు, కూతుళ్లు, అక్కచెల్లెళ్లు కలిసి తమ మేత చోటును పొరుగు గుంపుల నుంచి కాపాడుకుంటాయి. మగవి మాత్రం ఎదిగాక బయటికి వెళ్లి, అదను చూసి వేరొక గుంపులోని మగదాన్ని తరిమి దాని స్థానాన్ని ఆక్రమిస్తాయి.

ఇలాంటి ఆక్రమణ తరువాత పిల్లలు చనిపోవడాన్ని 1960లలో ధార్వాడ్ ప్రాంతంలో జపాన్ పరిశోధకుడు యుకిమారు సుగియామా గమనించారు. 1970లలో మౌంట్ అబూలో పరిశీలించిన అమెరికా పరిశోధకురాలు సారా బ్లాఫర్ హర్డీ ఇచ్చిన వివరణ నాకు ఇప్పటికీ బలమైనదనిపిస్తుంది: పాలిచ్చే తల్లి త్వరగా ఎదకు రాదు, పిల్ల పోతే వస్తుంది, తనను ఇంకొకటి ఎప్పుడు తరిమేస్తుందో తెలియని కొత్త మగదానికి ఆ కొద్దికాలమే సంతానం కనే అవకాశం. ఆడవీ చేతులు కట్టుకుని కూర్చోవు. కలిసికట్టుగా ఎదురు తిరుగుతాయి. అప్పటికే చూలుతో ఉన్నవి సైతం కొత్త మగదానితో జతకడతాయి, బహుశా పుట్టబోయే పిల్ల ఎవరిదో తేలకుండా ఉండేందుకు.

కొండముచ్చులు ఒకేచోట మరీ కిక్కిరిసిపోవడం వల్ల పుట్టిన వికృత ప్రవర్తన ఇదని కొందరు వాదించారు. అయితే నేపాల్‌లోని రామ్‌నగర్ కొండముచ్చులపై 1999లో వెలువడిన డీఎన్‌ఏ అధ్యయనంలో, దాడి చేసిన మగవేవీ దాడికి గురైన పిల్లల తండ్రులు కావని తేలింది. అంటే అవి తమ పిల్లలను వదిలి ఇతరుల పిల్లలపైనే దాడి చేశాయి, ఇది హర్డీ వివరణకే సరిపోతుంది.